కంచం కడిగిన నీళ్లు

"ఐదిళ్లకి కాపోతే మూడిళ్లకైనా ఎల్లాల్సిందే," అంది గున్నమ్మ, మూతల గిన్నెలు వంటింటి గచ్చు మీద వరసగా పేరుస్తూ. "కొత్త దుంప ఒక్కిల్లే కూకొని తింటే పాదు మళ్లీ ఊరదు. మా అత్త నాటి మాట ఇది."

"ఇది ఆ దుంప కాదత్తా. నిన్న సాయంత్రం నుంచీ సెప్తన్నాను." లోలాక్షి చేతులకి నూనె రాసుకుని పెండలం చెక్కు తీస్తోంది. "ఇది మీ కొడుకు మందు. ఒకరి మందు ఊరికి పంచుతామేటి?"

"మందైతే సీసాలో ఉండాల. పాదులో ఊరిందాన్ని మందంతావేటి? తవ్వతంటే ఢిల్లేశు తల్లి గోడమీంచి సూసింది. 'ఎంత ఊరింది గున్నమ్మా' అంది. రేపు దాని మొకం ఎలగ సూడాల నాను?"

అరుగు మీంచి నీలాద్రి కల్పించుకున్నాడు. "నువ్వు పంచినా ఎవులూ తినరమ్మా. పులుసు సెయ్యవే అంటే సబ్బుముక్క ఉడకబెట్టి పెట్టింది నీ కోడలు."

లోలాక్షి పెదవి చివర నవ్వు వచ్చింది గానీ కత్తి ఆగలేదు. గోడకి అంటించిన కాగితం మీద అంతా రాసి ఉంది. రోజుకి అగ్గిపెట్టెంత ముక్క. రెండుసార్లు ఉడికించి రెండుసార్లూ నీళ్లు వంపెయ్యాలి. ఉప్పు వద్దు. చింతపండు అసలే వద్దు. చివరి మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి: నీలాద్రి తప్ప ఇంకెవరూ తినకూడదు.

గున్నమ్మ ఐదు గిన్నెలూ మూలకి జరిపి బోర్లించింది. గూట్లో మాత్రం పెట్టలేదు. కళ్లబడేలా అక్కడే ఉంచి, ఆ పూట కోడలితో మాటలు మానేసింది.

ఆ ఊళ్లలో ఇంటింటా కిడ్నీల జబ్బే. పెళ్లిలో ఎదురుపడ్డవాళ్లు కూడా "ఎంతుంది?" అని అడిగితే అది క్రియాటినిన్ సంగతే. కొబ్బరి ఎంత పలికిందో తరవాత అడుగుతారు. నీలాద్రి నలభై ఏడేళ్ల మనిషి, పూటకి పాతిక చెట్లెక్కి కాయ దింపినవాడు. మూడేళ్ల కిందట కాళ్లు వాచాయి. అప్పటినుంచి వారానికి మూడుసార్లు పలాస వెళ్లి, నాలుగేసి గంటలు రక్తం శుభ్రంచేసే యంత్రం పక్కన పడుకుని వచ్చేవాడు. బస్సులో పక్క సీటు ఎప్పుడూ పొరుగింటి ఢిల్లేశుది. వాడికి ముప్పై రెండు. అవే రోజులు, అదే యంత్రాల వరస.

ఇద్దరూ ఒకే రోజున పరిశోధన కేంద్రంలో మందు తీగల కోసం పేర్లు రాయించారు. నలభై తీగలే ఉన్నాయని చీటీలు తీశారు. నీలాద్రి చీటీ వచ్చింది, ఢిల్లేశుది రాలేదు. తిరుగు బస్సులో ఢిల్లేశే నీలాద్రి భుజం తట్టి, "ఊరందరికంటే నీకే కుళ్లు ఎక్కువున్నట్టుంది మావా, దాన్ని పెంచుకో," అని నవ్వించాడట.

నాటిన రోజు లోలాక్షికి బాగా గుర్తు. డాక్టర్ ఇందుమతి కేంద్రం నుంచి తనే వచ్చింది. సన్నటి మనిషి, చెప్పులు విడిచి పాదులోకి దిగింది. పెరట్లో పనసచెట్టు మొదట్లో బొటనవేలంత దుంపముక్క పాతిపెట్టి, నీలాద్రి చేతికి నీళ్లచెంబు ఇచ్చింది.

"నోరు పుక్కిలించి ఈ పాదులో ఉమ్మండి. రోజూ అంతే. స్నానం నీళ్లు ఇటే పారాలి. తిన్న కంచం కడిగిన నీళ్లు కూడా ఇక్కడే పొయ్యాలి. మీ ఒంట్లోంచి పోవాల్సిన చెత్త ఏది ఉండిపోతోందో ఈ తీగ రుచి చూసి తెలుసుకుంటుంది. దాన్ని పట్టుకునే పీచు దుంపలో పెంచుకుంటుంది. మీరు ఆ దుంప తింటే పీచు పేగులో ఆ చెత్తని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది."

"మా ఆయనకి పనిసేసింది ఇంకోళ్లకీ సేస్తాదా అమ్మా?" అని అడిగింది లోలాక్షి. మనసులో ఢిల్లేశు ఉన్నాడు.

"చెయ్యదు. ఒక తీగ ఒక మనిషినే నేర్చుకుంటుంది. అదీ రెండేళ్లు పడుతుంది. ఇంకొకరు తింటే వట్టి పెండలమే."

నీలాద్రి మూతి తుడుచుకుని, "నా ఎంగిలి తిని బతికేది ఇంట్లో ఒకర్తి ఉండనే ఉంది. ఇది రెండోదన్నమాట," అన్నాడు. ఇందుమతి అది వేళాకోళమనుకుని నవ్వింది. డిగ్రీ చదువుతున్న కూతురు కుసుమ మాత్రం తల్లి వంక గుర్రుగా చూసింది.

తవ్వింది మార్గశిరంలో. మొదటి ఏడు ఊరింది పిడికెడే కాబట్టి, కాస్త పరీక్షకి కోసుకుని మళ్లీ పాతేశారు. రెండో ఏడు పదకొండు కిలోలు ఊరింది. గెడ్డపార తగలకుండా నీలాద్రి మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే మట్టి తీశాడు. లోపల ఊదారంగు, కోసిన చోట పాలు. తీగ అంటుకుని ఉన్న తలభాగాన్ని ఎప్పటిలాగే వేరుచేసి, బూడిద పూసి, తట్టలో పెట్టి వంటింటి మూల ఉంచారు. పెండలానికి ఒళ్లు తినడానికి, తల నాటడానికి. ఎండలు ముదిరాక ఆ తలే మళ్లీ పాదులోకి వెళ్లాలి. మిగిలిన దుంపలో కొంత పచ్చిగా ఉంచుకుని, కొంత వరుగులు ఎండబెట్టింది లోలాక్షి.

ముక్క తినడం మొదలుపెట్టిన పదిహేను రోజులకి వారానికి మూడు ప్రయాణాలు రెండయ్యాయి. నెల తిరిగేసరికి వారానికి ఒకటే అయింది. ఒక సోమవారం పలాస డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, "వచ్చే వారం రావద్దు. రక్తం ఇచ్చి వెళ్లండి చాలు," అన్నాడు.

ఆ వేళ ఇంటికొచ్చిన నీలాద్రి కడుపునిండా మంచినీళ్లు తాగాడు. మూడేళ్లుగా గ్లాసు కొలిచి తాగిన మనిషి. చెంబెత్తి తాగుతుంటే గొంతు కదలడం చూస్తూ నిలబడిపోయింది లోలాక్షి. మర్నాటి నుంచీ పొద్దున్నే పెరట్లోకి వెళ్లినప్పుడు, పనసచెట్టుకి చుట్టుకుని ఎండిపోయిన ఆ తీగని ఒకసారి చేత్తో తాకి వచ్చేది. దండం పెట్టడానికి అది దేవుడు కాదు. ఊరికే వచ్చెయ్యడానికీ మనసొప్పేది కాదు.

నీలాద్రి మాత్రం అప్పుడప్పుడు పలాస బస్సెక్కుతూనే ఉన్నాడు. "యంత్రం లేదు కదా, ఏటికి?" అంటే, "ఢిల్లేశొక్కడే ఎల్తన్నాడు. నాలుగ్గంటలు గోడ సూస్తా పడుకోవాల," అనేవాడు.

మాఘమాసంలో ఇందుమతి మళ్లీ వచ్చింది. ఎప్పటిలా పీటమీద కూర్చుని, దుంపలోంచి పలచటి ముక్క కోసి, దాని మీద కాగితప్పట్టీ అద్దింది. పట్టీ మీద నీలంచుక్క పడింది. దాని పక్కనే, కాస్త లేతగా, ఇంకో చుక్క.

"దుంప తవ్విన రోజు అద్దినప్పుడూ ఇలాగే పడింది. పట్టీ పాడైందనుకున్నాను. కేంద్రంలో పెద్దయంత్రం మీద కూడా చూశాం," అంది ఇందుమతి. "అమ్మా, ఈ తీగకి ఇద్దరు తెలుసు. ఒకరు ఈయన. రెండోవాళ్లెవరు? ఇంకెవరైనా ఇక్కడ స్నానం చేస్తున్నారా?"

"లేదమ్మా. ఆయనొక్కడే," అంది లోలాక్షి.

"పుక్కిలించడం?"

"ఆయనొక్కడే."

"మరి కంచం నీళ్లు?"

"ఆయన తిన్న కంచం కడిగిన నీళ్లే పోసినాను. ఒక్క పూట తప్పలేదు."

కుసుమ గుమ్మంలోంచి, "మొత్తం సెప్పమ్మా," అంది. తల్లి పట్టీకేసే చూస్తోంది. కుసుమే లోపలికొచ్చింది. "డాక్టరమ్మా, మా నాన్న తిన్న కంచంలోనే మా అమ్మ తింటాది. పెళ్లైన కాణ్నించీ అంతే. ఇంట్లో డజను కంచాలున్నాయి. సెప్పి సెప్పి నా నోరు పడిపోయింది. ఆ కంచం కడిగిన నీళ్లే పాదులోకి ఎల్లినాయి."

లోలాక్షి తలొంచుకుంది. చదువుకున్న మనిషి ముందు ఎంగిలికంచం సంగతి బయటపడినందుకు సిగ్గేసింది. అంతకంటే, పదకొండు కిలోల దుంప తన చేతులతో తనే పాడుచేసిందేమోనని భయమేసింది. "పాడైపోనాదామ్మా? ఆయనకి ఇంక పనిసెయ్యదా?"

ఇందుమతి సంచిలోంచి కాగితాలు తీసి తిరగేసింది. రెండేళ్లలో తాము రాసిన కాగితాలన్నిటిలో ఆ ఒక్క ప్రశ్నే లేదు. అన్నీ కొలిచారు. ఆ కంచంలో ఆయన తరవాత ఎవరు తింటారని మాత్రం ఎవరూ అడగలేదు.

"పాడవలేదమ్మా. ఆయనకి ఎప్పటిలాగే పనిచేస్తుంది," అంది చివరికి. "కానీ ఒంట్లో చెత్త మిగలని మనిషిని ఈ తీగ నేర్చుకోదు. నేర్చుకోవడానికి అక్కడేమీ ఉండదు కాబట్టి. మీకు ఒకసారి రక్తం తియ్యాలి."

లోలాక్షి క్రియాటినిన్ రెండు పాయింట్ మూడు. ఒకటి దగ్గర ఆగాల్సిన లెక్క.

ఊళ్లోకి పరీక్షలవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఆమె జీడితోటలో పిక్కలు ఏరుతూ ఉండేది, లేకపోతే నీలాద్రితో పలాసలో ఉండేది. ఇంటికొకరు చాలని ఆమె ధీమా. ఈ జబ్బు కూడా ఇళ్ల లెక్క చూసుకుని వస్తుందన్నట్టు.

పలాస డాక్టరు మందులు రాసి, "మొదట్లోనే దొరికింది. ఇంకో రెండేళ్లు ఆగి వచ్చుంటే నేను చెప్పేది వేరేగా ఉండేది. ఎవరు పంపించారు మిమ్మల్ని?" అన్నాడు.

"మా పెండలమండి," అంది లోలాక్షి. ఆయనకి అర్థం కాలేదు.

ఇంకో సంగతి ఆ సాయంత్రం నీలాద్రి ఒప్పుకున్నాడు. కంచంలో ఆఖరి ముద్ద భార్యకి ఒగ్గెయ్యడం ఆయనకి పాతికేళ్ల అలవాటు. చేపైతే నడిమిముక్క, వడైతే సగం. ఆ సబ్బుముక్కలో కూడా రోజూ ఓ మూల తుంచి, అన్నం కింద దాచి వదిలేవాడు. "నీకు తెలీదనుకున్నాను," అన్నాడు.

"నాలిక్కి తెలీదేటి? ఇష్టంనేక ఒగ్గేసినావనుకున్నాను. పారీడానికి మనసొప్పక తినీసినాను."

గోడమీది కాగితంలో రెండు గీతల కింద ఉన్న మాట రెండున్నర నెలలుగా రోజూ తప్పుతూనే ఉందన్నమాట. అందుకే నీ లెక్క ఈ మాత్రమైనా ఆగిందేమో అన్నాడు నీలాద్రి.

ఫాల్గుణంలో ఇందుమతి వాళ్లిద్దరినీ కేంద్రానికి పిలిపించింది. పొడుగాటి చల్లటి గది. ఒక గోడ వెంట బల్లమీద బూడిద పూసిన పెండలం తలలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ, చీటీమీద ఒక్కో పేరు. కొన్ని పేర్లు నీలాద్రికి తెలుసు. పలాసలో పక్కపక్క మంచాలవాళ్లు.

"పందొమ్మిది," అంది ఇందుమతి. "తీగ నేర్చుకోవడానికి రెండేళ్లు. అంతదాకా నేర్పేవాళ్లు ఉండలేదు. ఇళ్లవాళ్లు తెచ్చి ఇచ్చేశారు. ఇవి ఆ మనుషులకి తప్ప ఇంకెవరికీ పనికిరావు. పారెయ్యమన్నారు. నాకు చెయ్యి రాలేదు."

లోలాక్షి ఒక తలమీద వేలు పెట్టింది. బూడిద కింద చిన్న ముక్కు పొడుచుకొచ్చి ఉంది. మొలకెత్తడానికి సిద్ధంగా ఉంది.

"మీ తీగ మొదటి మనిషికి రెండేళ్లు తీసుకుంది. మొదటి ఏడు కోసిన ముక్కలో రెండో చుక్క లేదు, అంటే రెండో మనిషిని ఒక్క కాపులో నేర్చుకుంది. ఎలాగో తెలిస్తే వీటన్నిటికీ కొత్త మనుషుల్ని నేర్పించొచ్చు, అదీ నెలల్లో. తెలియాలంటే మీ పెండలం తలని నిలువునా కొయ్యాలి. కోస్తే మళ్లీ మొలకెత్తదు." ఇందుమతి చేతులు జేబుల్లో పెట్టుకుని, దించుకున్న కళ్లతోనే మాట్లాడింది. "మీ ఇంట్లో ఉన్న దుంప ఒక్కరికైతే దసరా దాకా వస్తుంది. ఇద్దరికైతే వానలు పడేదాకా. తల నాటుకుంటే వచ్చే మార్గశిరానికి ఇద్దరికీ మళ్లీ దుంప ఉంటుంది. మాకిస్తే ఉండదు. నీలాద్రిగారు మళ్లీ యంత్రానికి వెళ్లాలి. కోసినా తెలుస్తుందని నేను ఖాయంగా చెప్పలేను. మీరు కాదన్నా నాకు కోపం రాదు. నేనైతే ఏం చేసేదాన్నో నాకే తెలీదు."

"సంతకం నాను పెడితే సరిపోతాదా?" అన్నాడు నీలాద్రి.

"లేదండి. అది ఇద్దరినీ నేర్చుకుంది. కోసి చూసేది ఆవిడని నేర్చుకున్న తీరే. ముందు ఆవిడ సంతకం కావాలి."

బస్సులో నీలాద్రి ఒక్క మాటే అన్నాడు. "నాకు యంత్రం కొత్త కాదు. నీ ఒంటి గురించి నువ్వు సూసుకో. నా కోసం ఇటూ వొద్దు, అటూ వొద్దు." తరవాత కిటికీలోంచి కొబ్బరిచెట్ల గెలలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఇంట్లో నాలుగు రోజులు ఎవరి మాట వాళ్లదే. కుసుమ, "ఇవ్వొద్దు. మన ఇంట్లో ఇద్దరు. ముందు మనం బతకాల," అంది. లోలాక్షి పగలు పనిచేసుకుంటూ మూలనున్న తట్టవైపు చూసేది. ఒకసారి ఆ బూడిద కింది తలని పాదులో ఊహించుకునేది. ఇంకోసారి ఆ చల్లటి గదిలో పందొమ్మిది చీటీలు కళ్లముందుకొచ్చేవి. తను కాళ్లు వాచి మంచాన పడితే ఈ ఇల్లు ఎలా ఉంటుందో కూడా అనుకుంది. అనుకున్నప్పుడు భయమేసింది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఐదోరోజు మధ్యాహ్నం గున్నమ్మ నిచ్చెన వేయించుకుని అటకమీంచి ఒక ఇత్తడి కంచం దింపించింది. నల్లబడిపోయి ఉంది. డబ్బాలోంచి చింతపండు గుప్పెడు తీసి, నూతి గట్టున కూర్చుని తోమడం మొదలుపెట్టింది.

"పులుసులోకి ఎలాగూ ఎయ్యనివ్వవు. దీనికైనా పనికొస్తాది," అంది. మార్గశిరం తరవాత గొడవలేని గొంతుతో కోడలితో మాట్లాడటం అదే మొదలు.

"ఎవులిదత్తా?"

"మీ మావది. ముప్పయ్యేళ్లు ఆయన తిన్నాక ఇందులోనే తిన్నాను. ఆయన పోయినాక అటకెక్కించినాను." చేతులు ఆడుతూనే ఉన్నాయి. "నాను గట్టిదాన్ని, బతికిపోనాను. మా ఆడపడుచు బతకలేదు. దాని మొగుడు పోయిన మూడో యేడు కాళ్లు వాచినాయి దానికి. వడదెబ్బ అన్నారు. మొగోడికైతే ఆసుపత్రికి బండి కట్టినారు. దానికి మజ్జిగ పోసినారు." నీళ్లు పోసి కంచం కడిగింది. పచ్చగా మెరిసింది. "నీ పేరు సెప్పడానికి నీ పెరట్లో ఓ తీగుంది. దానికి నానూ పొద్దున్నే దండం ఎట్టుకుంతన్నాను, నువ్వొక్కర్తివే అనుకోకు."

లోలాక్షి తడి కంచం అందుకుని చీర చెంగుతో తుడిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నీలాద్రి కంచం పక్కన రెండో కంచం వేసింది. పచ్చటి ఇత్తడి కంచం. అగ్గిపెట్టెంత ముక్కలు రెండు ఉడికించి ఉన్నాయి. ఆవాలు, కరివేపాకు మాత్రం వేసి తిరగమోత పెట్టింది. ఒకటి ఆయన కంచంలో, ఒకటి తన కంచంలో వేసి కూర్చుంది. పెళ్లయ్యాక మొగుడి పక్కన కూర్చుని తినడం అదే మొదటిసారి. నీలాద్రి అలవాటుకొద్దీ ముక్కలో మూల తుంచబోయి, ఆమె కంచంవైపు చూసి ఆగాడు.

"తినీ. నాది నాకుంది," అంది లోలాక్షి.

కుసుమ ముద్ద కలపడం మానేసి చూసింది. గున్నమ్మ గోడకి జారబడి కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర, మూడు నెలలుగా బోర్లించి ఉన్న ఐదు గిన్నెలు అలాగే ఉన్నాయి.

"ఉన్న దుంప ఇద్దరం తింటాం. అయిపోయినాక నువ్వు ఢిల్లేశుతో బస్సెక్కుతావు. నాను మందులేసుకుంటాను, నెలనెలా రక్తం ఇస్తాను," అంది లోలాక్షి, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, రేపటి వంట గురించి చెబుతున్నట్టుగా. "డాక్టరమ్మ సేత ఒక్క మాట రాయించుకుంటాను. ఇక మీదట ఏ ఇంటికి తీగ ఇచ్చినా, ముందు ఆ ఇంట్లో కంచం కడిగే మనిషికి రక్తం తియ్యాల. కొత్త దుంప ఒక్కిల్లే తినకూడదన్నావు కదత్తా. రేపు తల ఇచ్చేస్తన్నాం."